లోడరు యంత్రం – హైడ్రాలిక్ గొట్టాల సంరక్షణ

యంత్రాన్ని చూడగానే మన దృష్టి దాని ఉక్కు భుజాల మీద నిలుస్తుంది. ఆ భుజాలకు బలాన్ని చేరవేసే నల్లని రబ్బరు గొట్టాలను పట్టించుకొనేవారు అరుదు. 1933లో రేవు ప్రారంభమైన నాటి నుండి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన పిమ్మట మరింతగా, విశాఖ ప్రాంతపు జీవనం యంత్రాలతో ముడిపడి ఉన్నది. మన పెందుర్తి యువకులు పలువురు చదువు ముగియగానే ఆ యంత్రాల చెంతకే పోతున్నారు. వాటి చేతిపుస్తకాలు మాత్రం చాలావరకు ఆంగ్లంలో ఉంటాయి. అందుచేతనే తెలుగు బోధించే నేను ఈ విషయాన్ని వివరించ సాహసిస్తున్నాను.

పనివారు ‘బాబ్‌క్యాట్’ అని పిలిచే చిన్న లోడరు అసలు పేరు స్కిడ్ స్టీర్ లోడరు. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కెల్లర్ సోదరులు టర్కీ కోళ్ల కొట్టాలను శుభ్రపరచడానికి నిర్మించిన మూడు చక్రాల బండి దీనికి మూలం. దీని చక్రాలు పక్కకు తిరగవు. రెండు పక్కల చక్రాల వేగంలో తేడా కలిగించగా యంత్రం జారుతూ మలుపు తీసుకొంటుంది. కావున ఇరుకు చోట్లలో, ఓడల అడుగు గదులలో సైతం, ఇది పనికివస్తుంది. బకెట్టు తీసి బ్రేకరు, డ్రిల్లు వంటి పరికరాలను తగిలించవచ్చు. వాటిని నడిపేది గొట్టాలలో ప్రవహించే నూనె. దాని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 200 కిలోలు.

గొట్టంలో మూడు పొరలున్నవి: నూనెను మోసే లోపలి రబ్బరు, ఒత్తిడిని తట్టుకొనే ఉక్కు తీగల అల్లిక, రాపిడి నుండి కాపాడే పైపొర. పైపొర చిరిగి తీగలు బయటపడితే ఆ గొట్టాన్ని వెంటనే మార్చవలెను. గుడ్డ చుట్టి పని సాగించరాదు.

భుజం లేచినప్పుడు, పరికరం ముందుకు వంగినప్పుడు గొట్టం కూడ కదలవలెను. అది పొట్టిదైతే లాగుడుకు కప్లరు వద్ద తెగుతుంది. పొడవైనదైతే వేలాడి చక్రానికో రాతికో చిక్కుతుంది. మెలిపడరాదు, గొట్టం మీద ముద్రించిన అక్షరాల వరుస తిన్నగా ఉన్నదా లేదా అన్నదే దీనికి గుర్తు. పని మొదలుపెట్టక ముందు పరికరాన్ని అన్ని స్థితులలోను మెల్లగా కదిపి, గొట్టం ఎక్కడ ఒరుసుకొంటున్నదో గమనించవలెను.

గొట్టాలను విప్పే ముందు పరికరాన్ని నేలకు దించి, ఇంజను ఆపి, చేతిపుస్తకం చెప్పిన రీతిని లోపలి ఒత్తిడిని తీసివేయవలెను. విప్పి ఎండలో ఉంచిన పరికరంలోని నూనె వ్యాకోచించగా మరల కప్లరు తగులుకొనదు. అప్పుడు సుత్తితో కొట్టడం తగదు. తగిలించేటప్పుడు కప్లరు రెండు మొగాలను శుభ్రమైన గుడ్డతో తుడవవలెను. లోనికి పోయిన ఇసుక రేణువులు పంపును, వాల్వులను అరగదీస్తాయి.

ఒకనాడు కొత్తవలస మార్గంలో ఒక మరమ్మతు దుకాణం వద్ద, ఇంజను నడుస్తుండగానే, నూనె ఎక్కడ కారుతున్నదో తెలుసుకోవడానికి ఒక కుర్రవాడు బొటనవేలితో గొట్టాన్ని తడుముతున్నాడు. పెద్దమేస్త్రీ “ఒరేయ్, చెయ్యి తియ్!” అని కేకవేసి లాగివేశాడు. ఆ కేక విలువ తరువాత నాకు తెలిసింది. సూదిమొనంత రంధ్రం నుండి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి దూరుతుంది. పైకి కనిపించేది చిన్న చుక్క మాత్రమే. మొదట నొప్పి కూడ అంతగా ఉండకపోవచ్చు. కాని లోపల కండ చెడిపోతుంది. కొన్ని గంటలలో శస్త్రచికిత్స జరగకున్న వేలు, ఒక్కొక్కప్పుడు చెయ్యి, పోగొట్టుకోవలసివస్తుంది. కనుక లీకును అట్టముక్కతోనే వెదకవలెను. ప్రమాదం జరిగితే వెంటనే ఆసుపత్రికి పోయి, “ఒత్తిడితో నూనె చర్మం లోపలికి దూరింది” అని వైద్యునికి స్పష్టంగా చెప్పవలెను. “చిన్న గాయం” అని మాత్రం అనరాదు.

మాటను సరిగా పలకడం పరీక్షలో మార్కుల కోసమే కాదు. ఒక్కొక్కసారి అది చేతిని కాపాడుతుంది. విద్యార్థులు ఈ విషయాన్ని తాము గ్రహించి, పనిలో ఉన్న అన్నదమ్ములకు కూడ తెలుపుదురు గాక!