ఆడపిల్లల పరుగుకు తోడు: తల్లిదండ్రులూ కోచ్‌లు కావచ్చు



తెల్లవారుజామున తార్నాక నుంచి ఉస్మానియా ప్రాంగణంలోకి అడుగుపెడితే ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు కనిపిస్తారు. రిటైరైన పెద్దవాళ్లు, పోలీసు ఉద్యోగాల కోసం సాధన చేసే యువకులు ఉంటారు. పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో ఈసారి లెక్కపెట్టి చూడండి.

ఐదో తరగతిలో అందరికంటే ముందు పరుగెత్తిన పాప ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మైదానం గట్టు మీద కూర్చుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నాటి లెక్క ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 85 మందికి రోజూ కావలసిన గంట వ్యాయామం అందడం లేదు. మగపిల్లల్లోనూ 78 మందిది అదే పరిస్థితి. ఆడపిల్లల విషయంలో ట్యూషన్లకు తోడు బట్టల ఇబ్బంది, నెలసరి, దారిలో వినపడే మాటలు, "ఎండకు నల్లబడతావే" అనే ఇంటి హెచ్చరిక కూడా కలుస్తాయి. వీటిలో చాలావాటికి మందు, పక్కన నిలబడే ఒక పెద్దమనిషి. ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు?

కోచ్‌కు ఏం రావాలి?

1996లో అమెరికాలోని షార్లెట్ నగరంలో 13 మంది బాలికలతో 'గర్ల్స్ ఆన్ ది రన్' అనే కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపేది శిక్షణ పొందిన స్వచ్ఛంద కోచ్‌లు. వాళ్లు క్రీడాకారులే కానక్కర్లేదు. కొన్ని వారాల సాధన తర్వాత పిల్లలంతా కలిసి 5 కిలోమీటర్లు పూర్తి చేస్తారు.

పతకాల కోసం చేసే శిక్షణ వేరు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచిన మన అగసర నందినికైనా, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం సాధించిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజికైనా నిపుణులే కావాలి. అయితే దీప్తి పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. అలా పిల్లను గమనించే మొదటి కన్ను అవడం మనందరికీ చేతనైన పనే.

ఎనిమిది వారాల పాఠం

వారానికి రెండు రోజులు, ఉదయం 6 నుంచి 7 లోపు చాలు.
• 1, 2 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, ఇలా 7 సార్లు.
• 3, 4 వారాలు: 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, 5 సార్లు.
• 5, 6 వారాలు: 3 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక, 5 సార్లు.
• 7, 8 వారాలు: 10 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, మళ్లీ 10 నిమిషాల పరుగు.

పరుగెత్తుతూ పక్కమ్మాయితో రెండు ముక్కలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మాట రాకపోతే తగ్గించమనండి. ఎవరు ముందొచ్చారో ప్రకటించకండి. పోయిన వారం కంటే ఎంత సులువుగా పరుగెత్తిందో ఆ పిల్లనే అడగండి. బరువు, ఒంటి రంగు గురించిన మాట కోచ్ నోట రాకూడదు.

భద్రత

మైదానానికి అనుమతి, దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ప్రాంగణం రోడ్ల మీద వాహనాలు తిరుగుతాయి కాబట్టి ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడివైపున పరుగెత్తించండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, వారిలో ఒక్కరైనా మహిళ కావాలి. ఏ పిల్లనూ ఒంటరిగా ఒక్కరి బండి మీద పంపకూడదు. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఫొటోలు గ్రూపుల్లో పెట్టకూడదు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం కనిపిస్తే పరుగు వెంటనే ఆపాలి. డాక్టరు చూశాకే మళ్లీ మొదలు.

నెలసరి, రక్తహీనత

నెలసరి రోజుల్లో పరుగెత్తకూడదన్న నియమం లేదు. ఓపిక ఉంటే పరుగెత్తుతుంది, లేకపోతే నడుస్తుంది. కారణం అందరి ముందూ అడగవద్దు. కోచ్ సంచిలో ప్యాడ్లు ఉన్నాయని పిల్లలకు తెలిస్తే చాలు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. త్వరగా ఆయాసపడే పిల్లను "బద్ధకం" అనేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దంటుంది. అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండినా, భోజనంతో పాటు జామకాయ ముక్క తిన్నా ఇనుము బాగా పడుతుంది.

హాజరు పట్టీ

కోచ్ చేతిలో విజిల్ కంటే ముఖ్యమైనది హాజరు పుస్తకం. చాలామంది అమ్మాయిలు చెప్పి మానేయరు. ఒక రోజు రారు, తర్వాత వారం రారు, ఆపైన ఎవరూ అడగరు. వరసగా రెండు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేయండి. "ఎందుకు రాలేదు?" అని నిలదీయకుండా, "అమ్మా, పాప కోసం ఎదురుచూశాం, ఒంట్లో బాగుందా?" అనండి. కారణం బూట్లు బిగుతవడం కావచ్చు, తీసుకొచ్చేవాళ్లు లేకపోవడం కావచ్చు. పక్కింటి అమ్మాయితో కలిపి పంపితే తీరిపోయే ఇబ్బంది వల్ల ఒక పిల్ల పరుగు ఆగిపోకూడదు కదా.

ఈ నెల మీ వంతు

మీ అపార్ట్‌మెంటులోనో వీధిలోనో నలుగురు అమ్మాయిల పేర్లు రాసుకోండి. వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడండి. తోడుగా మరొక పెద్దవారిని కలుపుకోండి. వచ్చే ఆదివారం ఉదయం ఒక్క నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టండి. ఆ నిమిషం మీరూ వాళ్లతో కలిసి పరుగెత్తండి.