బోల్టు ఊరికే తిరుగుతోందా? పవర్ వీడర్‌లో థ్రెడ్ పోయిన రంధ్రాన్ని ఇంటి దగ్గరే బాగుచేసుకుందాం



కలుపు మందు కొట్టని మనకు పవర్ వీడరే పెద్ద కూలీ. వాన పడ్డాక వారం రోజులు అది మూలన పడితే కలుపు పైరును మించిపోతుంది. చాలాసార్లు దాన్ని ఆపేది ఒక్క బోల్టు. ఎంత బిగించినా తిరుగుతూనే ఉంటుంది, గేర్‌బాక్స్ మూత దగ్గర ఆయిల్ కారుతుంది. జీవామృతం పోసి పెంచుకున్న మట్టిలో ఆ చుక్కలు పడటం ఎవరికి ఇష్టం చెప్పండి?

బోల్టు ఉక్కు, బాడీ అల్యూమినియం. అతిగా బిగిస్తే మెత్తగా ఉన్నదే తెగుతుంది. బోల్టు విప్పినప్పుడు దాని మరలకు తెల్లటి తీగలు చుట్టుకుని వస్తే రంధ్రంలో థ్రెడ్ పోయినట్టే. అన్నట్టు, 10 నంబరు స్పానర్ పట్టింది కదా అని 10 ఎంఎం బోల్టు అడగకండి. మామూలుగా అది 6 ఎంఎం బోల్టే.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక చీపురుపుల్ల రంధ్రంలో పెట్టి లోతు కొలవండి. పాత బోల్టు లోపలికి వెళ్లే పొడవుతో పోల్చండి. చాలా రంధ్రాల్లో అడుగున వాడని థ్రెడ్ మిగిలి ఉంటుంది. అలా ఉంటే కాస్త పొడవు బోల్టు వేస్తే చాలు. అల్యూమినియంలో 6 ఎంఎం బోల్టుకు 9 నుంచి 12 ఎంఎం వరకు మంచి థ్రెడ్ పట్టాలి. బోల్టు మాత్రం అడుగుకు తగలకూడదు, తగిలితే మూత బిగియదు.

అడుగున కూడా లేకపోతే హెలికాయిల్ వేయడమే నా లెక్కలో మంచి పని. ఇది స్ప్రింగులా చుట్టిన స్టీలు తీగ. 6 ఎంఎం కిట్‌కు సాధారణంగా 6.3 ఎంఎం డ్రిల్ బిట్టు, దాని సొంత ట్యాప్ ఉంటాయి. మామూలు 6 ఎంఎం ట్యాప్ దీనికి పనికిరాదు. ముందు ఆయిల్ తీసేయండి. బిట్టుకు లోతు గుర్తుగా టేపు చుట్టి, నిటారుగా డ్రిల్ చేయండి. ట్యాప్‌కు కిరోసిన్ చుక్కలు వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. వీడియోలో చూస్తే తేలికగానే ఉంటుంది కానీ తొందరపడితే ట్యాప్ లోపలే విరుగుతుంది, అప్పుడు లేత్ షాపు తప్పదు. రజను శుభ్రంగా తీశాక, కాయిల్‌ను పై అంచు కంటే పావు చుట్టు నుంచి అర చుట్టు లోపలికి దించి, అడుగున ఉండే చిన్న కొనను విరిచి బయటకు తీసేయండి. మళ్లీ పాత సైజు బోల్టే పడుతుంది.

కిట్ దొరకకపోతే 6.8 బిట్టుతో పెద్దది చేసి 8 ఎంఎం ట్యాప్ కొట్టొచ్చు. చుట్టూ గోడ మందంగా ఉంటేనే సుమా. మూత రంధ్రాన్ని కూడా పెంచుకోవాలి.

స్పార్క్ ప్లగ్ రంధ్రం జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. రజను సిలిండర్‌లో పడితే లోపల గీతలు పడతాయి. అది మెకానిక్‌కే ఇవ్వండి.