కలలు చెప్పే మన కథ



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఏ ఊరి హాస్టల్ అయినా తెల్లవారుజామున ఒకటే ముచ్చట వినబడుతుంది. "అన్నా, రాత్రి కలల మా అమ్మ కనవడ్డది." "నాకైతే పరీక్షకు పోతే పెన్నుల సిరా లేదురా." పక్కవాడు నవ్వుతాడు. ఇంతలో గంట కొడతారు, కల మరచిపోతాం. ఆ మరచిపోయిన దాని గురించే ఈ వ్యాసం. కల అంటే శకునం కాదు. రేపు ఏం జరుగుతుందో అది చెప్పదు. ఇవాళ మన లోపల ఏం జరుగుతున్నదో మాత్రం కొంత చెబుతుంది.

మనస్సులో మూడు అరలు

వియన్నా నగరంలో వైద్యుడుగా పనిచేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ (1856-1939) కలలపై రాసిన గ్రంథం 1899 నవంబరులో వెలువడింది. ముఖపత్రం మీద మాత్రం 1900 అని వేశారు. మనకు తెలిసిన ఆలోచనలు 'చేతన'లో, గుర్తు చేసుకుంటే వచ్చేవి 'ఉపచేతన'లో, ఎంత ప్రయత్నించినా అందనివి 'అచేతన'లో ఉంటాయని ఆయన అన్నాడు. భయం, సిగ్గు, కోపం, తీరని కోరిక వంటి వాటిని భరించలేక మనస్సు కిందికి తోసేస్తుంది. దీనినే దమనం అంటారు. డీఎస్సీ, టెట్ రాసిన మన పూర్వ విద్యార్థులకు ఈ మాట కొత్త కాదు. తోసేసిన భావం చావదు. వేషం మార్చుకొని కలలోకి వస్తుందని ఫ్రాయిడ్ వాదన.

మన దేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపాడు, కొన్ని విషయాల్లో విభేదించాడు కూడా. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి అని మనిషి స్థితులను విడదీసి చూసింది.

ఫ్రాయిడ్ చెప్పినదంతా నేటి శాస్త్రం ఒప్పుకోదు. ప్రతి కలా తీరని కోరికేనన్న మాట నిలబడలేదు. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటున్నదని ప్రకటించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశలోనే వస్తాయి. సుమారు 90 నిమిషాలకోసారి అది తిరిగి వస్తుంది, తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. చదివినది మనస్సులో నిలవడానికి నిద్ర అవసరమని కూడా తరువాతి పరిశోధనలు తేల్చాయి. కౌమారదశలో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు. పరీక్షల ముందు రాత్రంతా మేల్కొనేవారు ఈ సంగతి గమనించాలి.

ఇద్దరు సహచరులు, రెండు దారులు

ఫ్రాయిడ్‌తో కలిసి నడిచి, తరువాత విడిపోయిన వారిలో ఇద్దరు మనకు ముఖ్యం. మొదటివాడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ (1870-1937). చిన్నతనంలో రికెట్స్ వ్యాధితో బాధపడ్డాడు. పెద్దయ్యాక వైద్యుడయ్యాడు. మనిషిని నడిపేది న్యూనతాభావం, దానిని దాటాలనే తపన అని చెప్పాడు. ఆ తపన పనిలోకి మళ్లితే ఎదుగుదల. డాబులోకి, అబద్ధంలోకి మళ్లితే పతనం.

రెండవవాడు స్విట్జర్లాండుకు చెందిన కార్ల్ యూంగ్ (1875-1961). మనం ఒప్పుకోని మన ముఖానికి ఆయన 'నీడ' అని పేరు పెట్టాడు. నీడ నుంచి పారిపోయేవాడు దానిని ఎదుటివాడి మీద చూస్తాడు. నిలబడి చూసినవాడు సంపూర్ణుడవుతాడు. 1913లో ఫ్రాయిడ్ నుంచి విడిపోయాక యూంగ్ లోలోపల చాలా కలత చెందాడు. ఆ రోజుల్లో తనకు కనబడిన దృశ్యాలను నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు, రంగుల బొమ్మలు వేసుకున్నాడు. 'ఎర్ర పుస్తకం' అనే ఆ గ్రంథం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 2009లో అచ్చయింది.

నా కల

ఇక నా సంగతి చెబుతాను. నేనూ హాస్టల్ అన్నం తిన్నవాణ్ణే. పాలమూరు వలస మీకు తెలియనిది కాదు. దసరా పోయినంక అమ్మానాన్నలు మేస్త్రీ వెంట మట్టిపనికి దూరదేశం పోయేవారు. తరగతిలో మాత్రం "మా నాయన కంపెనీల సూపర్‌వైజర్" అని చెప్పుకునేవాణ్ణి. అప్పుడే ఒక కల పదే పదే వచ్చేది. బస్‌స్టాండులో అమ్మ బస్సెక్కుతుంది. నేను చెప్పుల కోసం వెతుకుతుంటాను. చెప్పులు దొరకవు, బస్సు పోతుంది.

పరీక్షల భయమనుకున్నాను. ఒకనాడు గోడపత్రికకు వ్యాసం రాయమన్నారు. ఏమీ తోచక ఆ కలనే రాయబోయాను. రాస్తుంటే తెలిసింది, చెప్పులు లేనిది నాకు కాదు, అమ్మకు. ఆమెను దాచిపెట్టినందుకు నాకు సిగ్గు. తరగతిలో చెప్పిన అబద్ధాన్ని కూడా అందులోనే రాసేశాను. ఎవరైనా నవ్వుతారేమోనని భయపడ్డాను. చదివినవాళ్లలో ముగ్గురు వచ్చి, "మా ఇంట్ల గూడ గంతే" అన్నారు. కల ఒక్కసారిగా ఆగిపోలేదు గానీ, ఆ తరువాత తండ్రి వృత్తి అడిగిన చోట 'కూలీ' అని రాయడానికి చెయ్యి వణకలేదు. చాలా ఏళ్లకు ఆడ్లర్ గురించి చదివినప్పుడు ఆ సూపర్‌వైజర్ ఎక్కడి నుంచి వచ్చాడో అర్థమైంది.

గాయం నుంచి సృష్టి

అణచుకున్న బాధను పదిమందికి పనికివచ్చే పనిగా మార్చడాన్ని ఉదాత్తీకరణం అంటారు. దీనికి ఉదాహరణలు మన చేరువలోనే ఉన్నాయి.

సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) నేటి జోగుళాంబ గద్వాల జిల్లాకు చెందినవారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట ఆయనను గుచ్చింది. తిట్టుకు తిట్టు సమాధానం కాదని, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. ఒక ప్రాంతానికి అంటగట్టిన న్యూనతకు శ్రమతో చెప్పిన జవాబు అది.

కులం పేరిట అడుగడుగునా అవమానపడ్డ గుర్రం జాషువా (1895-1971) ఆ మంటను 1941లో 'గబ్బిలం' కావ్యంగా మలిచారు. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పల్లె దుఃఖాన్ని పాటగా పాడారు. ఆయన 'వల్లంకి తాళం' కవితా సంపుటికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

మనం తప్పక చదవవలసిన నవల 'అంపశయ్య'. రచయిత నవీన్ దీనిని 1969లో ప్రచురించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్లో ఉండే రవి అనే పేద విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, సుమారు 16 గంటలే అందులో కథ. అతని మనస్సులో పారే ఆలోచనలే నవల. ఈ పద్ధతిని చైతన్య స్రవంతి అంటారు. హాస్టల్ గదిలో కూర్చున్న కుర్రవాడి మనస్సు కూడా సాహిత్యానికి తగిన వస్తువేనని ఆ పుస్తకం రుజువు చేసింది. పుస్తకం పేరే రచయిత ఇంటిపేరయింది.

శాస్త్రంలోనూ కల తోడ్పడింది. 1921లో ఆటో లోయీ అనే శాస్త్రవేత్తకు కలలో ఒక ప్రయోగం తోచింది. అర్ధరాత్రి లేచి కాగితం మీద గీకాడు. పొద్దున తన రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి మళ్లీ అదే తోచింది. ఈసారి నేరుగా ప్రయోగశాలకు పోయి కప్ప గుండెలతో ప్రయోగం చేశాడు. నాడుల సందేశం రసాయనం ద్వారా అందుతుందని తేలింది. 1936లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అయితే ఏళ్ల తరబడి ఆ సమస్య మీద ఆలోచించినవాడికే ఆ కల వచ్చింది. చదవనివాడికి కలలో జవాబు రాదు.

మీరు చేయదగిన పని

ఒక వంద పేజీల నోటుబుక్కు తలాపున పెట్టుకోండి. లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, గుర్తున్నంత కల రాయండి. పక్కన తేదీ వేసి, కలలో కలిగిన భావం ఒక్క మాటలో రాయండి. భయమా, సిగ్గా, సంతోషమా? ఆ భావం నిన్న ఎక్కడ కలిగిందో ఆలోచించండి. పాము వస్తే ఇది, నీళ్లు వస్తే అది అని చెప్పే పుస్తకాలను నమ్మకండి. మీ పాముకు అర్థం మీ బతుకులోనే ఉంటుంది. నెలకోసారి తిరగేసి, మళ్లీ మళ్లీ వచ్చిన కలను కథగానో, పాటగానో, బొమ్మగానో చేయండి. అవతలివారి నోటుబుక్కు మాత్రం అడగకుండా తెరవకండి.

ఒక హెచ్చరిక. పీడకలలతో వారాల తరబడి నిద్ర పట్టకపోతే, బతకాలని అనిపించకపోతే, అది నోటుబుక్కుతో తీరేది కాదు. వెంటనే నమ్మకమైన పెద్దలకు చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. జ్వరం వస్తే మాత్ర అడగడానికి సిగ్గుపడం. ఇదీ అంతే.

ఇనుప పెట్టెకు తాళం వేసినట్టు మనస్సుకూ తాళం వేసుకొని హాస్టల్‌కు వస్తాం. ఆ పెట్టెను నెమ్మదిగా తెరిచి చూడండి. వచ్చే వార్షికోత్సవ సంచికకు మీ నోటుబుక్కులోంచి ఒక పేజీ వస్తుందని ఎదురుచూస్తాను.