ఫ్రెంచి విప్లవం: రొట్టె ధర నుంచి క్యాలెండర్ దాకా

ఫ్రెంచి విప్లవం అనగానే అభ్యర్థులకు గుర్తొచ్చేది 1789 జూలై 14, బాస్టిలీ కోట పతనం. ఆనాడు ప్యారిస్ సామాన్యుడి అసలు బెంగ రొట్టె. 1788లో వడగళ్ల వాన పంటను దెబ్బతీసింది. మరుసటి వేసవికి కూలి డబ్బుల్లో సగానికి పైగా రొట్టెకే పోయేది. అక్టోబరు 5న వేలాది మహిళలు, వారిలో చేపలమ్ముకునేవారు కూడా, వానలో రాజు ఉండే వెర్సాయ్ దాకా సుమారు 20 కిలోమీటర్లు నడిచారు. మర్నాడే రాజు 16వ లూయీ కుటుంబంతో సహా ప్యారిస్‌కు రాక తప్పలేదు. బాస్టిలీ కన్నా ఈ నడకే రాజరికాన్ని ఎక్కువ కుంగదీసిందని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాలు దీనికి మరింత చోటివ్వాలి.

విప్లవం రోజువారీ జీవితాన్నీ మార్చింది. ఉప్పు పన్ను ‘గాబెల్’ 1790లో రద్దయింది. 1792 సెప్టెంబరులో విడాకులు చట్టబద్ధమయ్యాయి. జనన, మరణ, వివాహాల నమోదు చర్చి నుంచి మున్సిపాలిటీలకు మారింది.

1793లో తెచ్చిన గణతంత్ర క్యాలెండర్‌లో నెలకు 30 రోజులు, వారానికి 10 రోజులు. సెలవు పదో రోజునే! ఆదివారం పోగొట్టుకున్న జనానికి అది రుచించలేదు. నెపోలియన్ హయాంలో, 1806 జనవరి 1 నుంచి, పాత క్యాలెండరే తిరిగొచ్చింది.

మనం నేటికీ వాడే మీటరు, లీటరు, గ్రాములకు మాత్రం 1795 ఏప్రిల్ 7 నాటి ఫ్రెంచి చట్టమే పునాది. క్యాలెండర్‌కు 1793, కొలతలకు 1795: ఈ రెండు సంవత్సరాలూ తారుమారు కాకుండా చూసుకోండి.