సముద్ర స్నానానికి ముందు అలల కబురు

కర్నూలు, కడప సీమల్లో సముద్రం లేదు. కానీ ఇక్కడి నీళ్లకు సముద్రం దారి తెలుసు. కర్నూలు పక్కన పారే తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. జమ్మలమడుగు, సిద్ధవటం మీదుగా పారే పెన్న నెల్లూరు దాటి సముద్రానికి చేరుతుంది.

నీళ్ల వెనకాలే మనుషులూ పోతారు. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి ఊళ్ల నుంచి జీపులు, టెంపోలు మాట్లాడుకుని సముద్ర స్నానానికి బయలుదేరతారు. కడప వైపు వాళ్లు బద్వేలు మీదుగా నెల్లూరు పోయి మైపాడు చేరతారు. కర్నూలు వైపు వాళ్లు ఒంగోలు దగ్గరి కొత్తపట్నానికో, బాపట్ల దగ్గరి సూర్యలంకకో పోతారు.

వంకలో ఎర్రనీళ్లు వస్తుంటే దాటకూడదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. సముద్రం అట్లా కాదు. ఏడాదికో, పదేళ్లకో ఒకసారి చూస్తాం. ఎండ కాస్తుంటుంది. గాలి ఉండదు. అయినా ఒక్కొక్కసారి పెద్ద అల వచ్చి మనిషిని పడదోస్తుంది. ఎందుకు? ఆ అల అక్కడ పుట్టింది కాదు. ఎక్కడో పుట్టి, ఎంతో దూరం నడిచి వచ్చింది. కంటికి కనిపించని ఆ సంగతి కాగితం మీద చదివితే తెలుస్తుంది. ఆ కబురు ఎట్లా చదవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అల ఎట్లా పుడుతుంది?

పోరుమామిళ్ల చెరువు కట్ట మీద నిలబడి చూడండి. గాలి లేనప్పుడు నీళ్లు అద్దంలాగా ఉంటాయి. గాలి లేస్తే నీళ్ల మీద ముడతలు పడతాయి. గాలి గట్టిగా వీస్తే చిన్న అలలు వచ్చి కట్టకు తగులుతాయి. సముద్రంలోనూ అంతే. మామూలు అలలను పుట్టించేది గాలే.

అల ఎంత పెద్దదవుతుంది? అది మూడు విషయాల మీద ఆధారపడుతుంది.

1. గాలి ఎంత గట్టిగా వీచింది?
2. ఎంతసేపు వీచింది?
3. అడ్డు లేకుండా ఎంత దూరం నీళ్ల మీద వీచింది?

చెరువు మీద గాలికి కొద్ది దూరమే దొరుకుతుంది. అందుకే చెరువు అల చిన్నది. సముద్రం మీద గాలికి వందల, వేల కిలోమీటర్లు దొరుకుతాయి. అందుకే సముద్రపు అల పెద్దది.

దగ్గరి అల, దూరపు అల

తీరానికి రెండు రకాల అలలు వస్తాయి.

మొదటిది దగ్గరి అల. అక్కడి గాలికే అక్కడ పుడుతుంది. ఇవి ఒకదాని మీద ఒకటి పడుతూ గజిబిజిగా వస్తాయి. అలకూ అలకూ మధ్య నాలుగైదు సెకన్లే ఉంటుంది. గాలి తగ్గితే ఇవీ తగ్గిపోతాయి.

రెండవది దూరపు అల. దీన్ని ఇంగ్లీషులో స్వెల్ అంటారు. చెరువులో రాయి వేస్తే ఏమవుతుంది? రాయి మునిగిపోతుంది. కానీ వలయాలు గట్టు దాకా వస్తాయి. అట్లాగే ఎక్కడో నడిసముద్రంలో తుపాను గాలి ఆగిపోయినా, అది లేపిన అలలు నడుస్తూనే ఉంటాయి. ఇవి నున్నగా, వరుసగా వస్తాయి. అలకూ అలకూ మధ్య 12 సెకన్లు, 14 సెకన్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. 14 సెకన్లకు ఒకటి వచ్చే అలల గుంపు నడిసముద్రంలో గంటకు సుమారు 40 కిలోమీటర్లు పోతుంది. పల్లెవెలుగు బస్సు పోయినంత వేగం. బస్సు ఊరూరా ఆగుతుంది. అల ఆగదు. రాత్రీ పగలూ నడిచి రోజుకు 900 కిలోమీటర్లకు పైగా వస్తుంది.

2024 ఏప్రిల్ చివర్లో మన దేశానికి సుమారు పదివేల కిలోమీటర్ల దూరంలో, దక్షిణ సముద్రాల్లో పెద్ద గాలులు వీచాయి. ఆ గాలులు లేపిన అలలు మే మొదటి వారంలో కేరళ, తమిళనాడు తీరాలకు చేరాయి. అప్పుడు అక్కడ తుపాను లేదు. అలలు పెద్దవిగా వస్తాయని ముందే హెచ్చరిక ఇచ్చారు. అయినా మే 6వ తేదీన కన్యాకుమారి జిల్లాలోని లెమూర్ బీచ్ దగ్గర ఐదుగురు వైద్య విద్యార్థులు అలల్లో చిక్కి చనిపోయారు. వాళ్లు చదువుకున్న పిల్లలే. కేరళ జాలర్లు ఇట్లా చెప్పకుండా పొంగే సముద్రాన్ని ‘కల్లక్కడల్’ అంటారు. అంటే దొంగ సముద్రం.

నీళ్ల బరువు ఎంత?

నీళ్ల బరువు మనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? 15 లీటర్ల బిందె నెత్తిన పెట్టుకుంటే 15 కిలోలు మోసినట్టే. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న నీళ్లు 1000 కిలోలు తూగుతాయి. 50 కిలోల బియ్యం మూటలు ఇరవై ఒక్కసారి వచ్చి మీద పడితే ఎట్లా ఉంటుంది? నడుము ఎత్తు అల తగిలినా మనిషి నిలబడలేకపోవడం అందుకే.

ఇంకొక సంగతి. అల ఎత్తు రెట్టింపు అయితే దాని శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది.

అల విరిగే చోటు, లాగే చోటు

మైపాడు, సూర్యలంక ఇసుక తీరాలు. నీళ్ల అడుగున ఇసుక మడిగట్లలాగా మేట వేసి ఉంటుంది. పెద్ద అల ఆ గట్టు మీదికి రాగానే అడుగు తగిలి విరిగిపోతుంది. తెల్లటి నురుగు కనిపించేది అక్కడే.

అలలు తెచ్చిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలి కదా! మడిగట్టుకు గండి పడితే నీళ్లన్నీ గండిలోకి ఉరుకుతాయి. సముద్రంలోనూ అట్లే. ఇసుక గట్టుకు గండి ఉన్న చోట నీళ్లు లోపలికి ఉరుకుతాయి. దాన్నే లాగుడు అందాం. లాగుడు గట్టిగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్ల దాకా వేగం ఉంటుంది. బాగా ఈత వచ్చిన వాళ్లు కూడా దానికి ఎదురీదలేరు.

ఈ లాగుడు చోటు చూడటానికి ఎట్లా ఉంటుంది? అటూ ఇటూ నురుగు ఉంటుంది. మధ్యలో నురుగు ఉండదు. అలలు తక్కువగా కనిపిస్తాయి. నీళ్లు ముదురు రంగులోనో, ఇసుక కలిసి మురికిగానో ఉంటాయి. ‘ఇక్కడ నిదానంగా ఉంది, ఇక్కడ దిగుదాం’ అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది.

ఇసుక గట్లు ఒక చోట ఉండవు. పోయిన ఏడాది స్నానం చేసిన చోటే అని దిగకూడదు. ఈ ఏడాది గండి అక్కడే ఉండవచ్చు.

పౌర్ణమికి పోటు ఎక్కువ

సముద్రపు నీళ్లు రోజుకు రెండుసార్లు పైకి వస్తాయి. దాన్ని పోటు అంటారు. రెండుసార్లు వెనక్కి పోతాయి. దాన్ని ఆటు అంటారు. చంద్రుడు, సూర్యుడు నీళ్లను లాగడం వల్ల ఇట్లా జరుగుతుంది. పౌర్ణమికి, అమావాస్యకు ఇద్దరూ ఒకే వరుసలో ఉండి లాగుతారు. అందుకని ఆ రోజుల్లో పోటు ఎక్కువ. ఆటు కూడా ఎక్కువ. మనం స్నానానికి పోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పైగా కార్తీక మాసం బంగాళాఖాతంలో తుపానులు వచ్చే కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి కార్తీక మాసమే నడుస్తున్నది.

అలల కబురు ఎవరు చెబుతారు?

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో మొదలైంది. హైదరాబాదుకూ సముద్రం లేదు. అయినా దేశంలోని తీరాలన్నింటికీ అలల కబురు అక్కడి నుంచే వస్తుంది. సముద్రంలో తేలే యంత్రాలు అలలను కొలుస్తాయి. ఉపగ్రహాలు పైనుంచి చూస్తాయి. కంప్యూటర్లు లెక్క కడతాయి. రాబోయే రోజుల్లో అలలు ఎట్లా ఉంటాయో ముందుగా చెబుతారు. ఈ కబురు పేపర్లో, టీవీలో, రేడియోలో, ఫోనులో వస్తుంది.

అందులో మూడు అంకెలూ మాటలూ చూసుకోవాలి. చదవడం నేర్చుకోవడానికి ఒక నమూనా:

తీరం: నెల్లూరు జిల్లా
అల ఎత్తు: 1.5 నుంచి 2 మీటర్లు
అలల మధ్య వ్యవధి: 14 సెకన్లు
వచ్చే దిక్కు: దక్షిణం

అల ఎత్తు: ఒక మీటరు అంటే మనిషి నడుము దాకా. 2 మీటర్లు అంటే తల మీదుగా దాటిపోతుంది. ఈ అంకె పెద్ద అలల సగటు. అంటే వంద అలలు వస్తే, అందులో పెద్దవి 33 తీసి వాటికి కట్టిన సగటు. అప్పుడప్పుడు ఒక అల దీనికి దాదాపు రెట్టింపు ఎత్తు కూడా రావచ్చు.

వ్యవధి: ఒక అల వచ్చిన తర్వాత ఇంకొక అల రావడానికి పట్టే కాలం. 12 సెకన్లు దాటితే దూరపు అల అని అనుమానించాలి. దానికి బలం ఎక్కువ. గాలి లేకపోయినా నమ్మకూడదు.

దిక్కు: అల ఏ వైపు నుంచి వస్తున్నదో చెబుతుంది.

హెచ్చరికకు రంగులు కూడా ఉంటాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే ప్రమాదం.

అత్త, కోడలు

ఒక పొదుపు సంఘం ఆడవాళ్లు మాఘ పౌర్ణమికి మైపాడు పోవాలనుకున్నారు అనుకుందాం. టెంపోకు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ముందురోజు సాయంత్రం ఒక కోడలు ఈ కబురు పైకి చదివింది.

‘‘రెండు మీటర్లంటే తల మీదికి వస్తాది అత్తా. పద్నాలుగు సెకన్లంటే దూరపు అల. రేపు నీళ్లల్లో దిగేది వద్దు’’ అంది.

‘‘ఏమ్మే, మొక్కు ఉంది కదా! కొడుక్కు ఒళ్లు బాగైతే సముద్రంలో మునిగి వస్తానని మొక్కుకుంటిని. సముద్రమ్మ తల్లి మనల్ని ఏం చేస్తాది?’’ అంది అత్త.

‘‘తల్లే అత్తా. పొయ్యి మండేటప్పుడు ఏ తల్లయినా బిడ్డను దగ్గరికి రానిస్తుందా?’’

అత్త కొంచెంసేపు మాట్లాడలేదు. ‘‘అయితే మొక్కు?’’ అని అడిగింది.

‘‘పోదాం. నురుగు వచ్చి ఆగే చోట చెంబుతో ముంచుకుని ఒడ్డున పోసుకుందాం. మునిగినా ఆ నీళ్లే, పోసుకున్నా ఆ నీళ్లే.’’

‘‘పిల్లోళ్లు ఆగుతారా?’’ అంది ఇంకొకామె.

‘‘పిల్లోళ్లను చూసేదానికి ఇద్దరు ఒడ్డునే ఉండాల. వాళ్లు స్నానానికి దిగకూడదు. వీళ్లు వచ్చినాక వాళ్లు పోవాల’’ అంది కోడలు.

అందరూ సరేనన్నారు. అత్త లేచి పోయి పెద్ద చెంబు వెతికి సంచిలో పెట్టుకుంది.

తీరం మీద గుర్తుంచుకోండి

దిగే ముందు ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చుని చూడండి. పెద్ద అలలు గుంపులు గుంపులుగా వస్తాయి. మధ్యలో కొంచెంసేపు నిదానిస్తాయి. ఆ నిదానాన్ని చూసి మోసపోవద్దు.

అక్కడి జాలరి వాళ్లను అడగండి. పోలీసులు పెట్టిన బోర్డు చదవండి. ఎర్ర జెండా ఉంటే దిగవద్దు.

మోకాలి లోతు దాటవద్దు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. సముద్రానికి వీపు చూపించి నిలబడవద్దు. పిల్లల చెయ్యి వదలవద్దు. చీకట్లో దిగవద్దు.

లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురు పోవద్దు. అలిసిపోతారు. లాగుడు అడుగుకు ముంచదు, లోపలికి లాగుతుంది. వెల్లకిలా తేలడానికి చూడండి. చెయ్యి పైకెత్తి కేక వేయండి. ఈత వచ్చిన వాళ్లు ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. లాగుడు దాటిన తర్వాత ఒడ్డు వైపు రావాలి.

ఒకరు చిక్కుకుంటే ఇంకొకరు దూకవద్దు. ఒకరి కోసం పోయి ఇద్దరు, ముగ్గురు పోయిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. మూత బిగించిన ఖాళీ క్యాను విసరండి. తాడు విసరండి. జాలరి వాళ్లను పిలవండి. 112కు గానీ 108కి గానీ ఫోను చేయండి.

ఓడరేవు నంబర్లు

తుపాను వచ్చేటప్పుడు రేడియోలో ‘ఓడరేవులో ఒకటో నంబరు హెచ్చరిక’ అని వింటాం. ఆ నంబర్ల అర్థం ఇది.

1, 2: తుపాను దూరంగా ఉంది.
3, 4: ఈ ఓడరేవుకు గాలివాన రావచ్చు.
5, 6, 7: ప్రమాదం.
8, 9, 10: పెద్ద ప్రమాదం.
11: వార్తా సంబంధాలు తెగిపోయాయి.

వీటిలో ఏ నంబరు ఉన్నా సముద్ర స్నానం మానుకోవాలి.

కొత్త మాటలు

పోటు: సముద్రపు నీళ్లు పైకి రావడం
ఆటు: సముద్రపు నీళ్లు వెనక్కి పోవడం
వ్యవధి: మధ్యలో పట్టే కాలం
సగటు: అన్నీ కలిపి, ఎన్ని ఉన్నాయో అన్నింటితో భాగిస్తే వచ్చేది

లెక్క చేయండి

1. ఒక అల విరగగానే లెక్క మొదలుపెట్టారు. ఆ తర్వాత పది అలలు విరగడానికి 130 సెకన్లు పట్టింది. అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు? ఇది దగ్గరి అలా, దూరపు అలా?

2. ఒక అలల గుంపు రోజుకు 950 కిలోమీటర్లు వస్తుంది. పది రోజుల్లో ఎంత దూరం వస్తుంది?

మాట్లాడుకోండి

1. మీ ఊరి నుంచి సముద్ర స్నానానికి ఎవరెవరు పోయారు? వాళ్లు ఏ తీరానికి పోయారు? అక్కడ ఏం చూశారు?

2. కోడలు చెప్పిన మాట మీకు సరిగా తోచిందా? అత్త చోట మీరుంటే ఏమనేవారు?

3. ఈసారి పౌర్ణమికి పోయే వాళ్లకు అలల కబురు చదివి చెప్పే పని మీలో ఎవరు తీసుకుంటారు?