కోత ఒక్కటే చూడకు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదలుపెట్టిన మంగళగిరి చీరల అమ్మకం సొంత వెబ్‌సైట్ దాకా వచ్చిందంటే చాలా సంతోషంగా ఉంది. క్రెడిట్ కార్డులు తీసుకోవడానికి ఒక పేమెంట్ గేట్‌వే వాళ్లు 2 శాతం కోత, ఇంకొకరు 1.75 శాతం అడుగుతున్నారని, తక్కువ అడిగినవాళ్లకే సంతకం పెట్టేయనా అని రాశావు. ఒక్క వారం ఆగు. బ్యాంకులో దుకాణదారుల ఖాతాలు చూసినదాన్ని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క వేద్దాం. 3,000 రూపాయల చీర మీద 2 శాతం అంటే 60 రూపాయలు. ఆ 60 మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 70.80. అదే 1.75 శాతమైతే 61.95. తేడా చీరకి 9 రూపాయలు కూడా లేదు. ఇప్పుడు ఇంకో వైపు చూడు. ఒక్క కొనుగోలుదారు వివాదం పెట్టి, చీర వాళ్ల దగ్గరే ఉండి, డబ్బు వెనక్కి పోయిందనుకో. ఆ 3,000 పూడ్చడానికి దాదాపు 340 చీరలు అమ్మాలి, ఆ 9 రూపాయల మిగులుతో. అందుకే కోత ఎంత అని అడిగే ముందు, తేడా వస్తే నా తరఫున ఏం చేస్తారు అని అడగమంటాను.

అలా వివాదం వచ్చి డబ్బు వెనక్కి పోవడాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డుదారు తన బ్యాంకుకి వెళ్లి ‘సరుకు రాలేదు’ అనో, ‘చూపించింది ఒకటి, పంపింది ఒకటి’ అనో, ‘ఈ కొనుగోలు నేను చేయలేదు’ అనో చెబితే, ఆ మొత్తం గేట్‌వే ద్వారా నీ దగ్గర్నుంచి పట్టుకుంటారు. రుజువులు చూపించుకోవాల్సింది నువ్వే, అదీ ఇచ్చిన కొద్ది రోజుల్లోనే. కార్డు నెట్‌వర్కుల్లో చాలా రకాల వివాదాలకి 120 రోజుల దాకా గడువుంటుంది. అంటే దసరాకి అమ్మిన చీర మీద సంక్రాంతి దాటాక కూడా ప్రశ్న రావచ్చు. కాబట్టి ప్రతి ఆర్డరుకీ బిల్లు, ప్యాకింగ్ ఫొటో, కొరియర్ అందజేసిన రుజువు, వాట్సాప్ మాటలు ఆరు నెలలు దాచు. రంగు విషయంలో మరీ జాగ్రత్త. ఫోనులో కనిపించే రంగుకీ చేతిలోని నూలు చీర రంగుకీ తేడా ఉంటుందని ఫొటో కిందే రాయి. పగటి వెలుతురులో తీసిన ఫొటో ఒకటి తప్పకుండా పెట్టు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. కార్డు స్టేట్‌మెంట్‌లో ఏ పేరు పడుతుందో అడుగు. నీ సంస్థ రిజిస్ట్రేషన్ పేరు ఒకటి, వెబ్‌సైట్ పేరు ఇంకొకటి. నెలాఖరున స్టేట్‌మెంట్ చూసుకున్న మనిషికి తెలియని పేరు కనబడితే, నిజంగా కొన్నవాళ్లు కూడా మోసమేమోనని బ్యాంకుకి ఫోన్ చేస్తారు. అక్కడ వెబ్‌సైట్ పేరే పడేలా చేయించుకో.

డల్లాస్ నుంచి కూడా చీరలు అడుగుతున్నారని రాశావు. మన దేశపు కార్డులకి ఆన్‌లైన్‌లో ఓటీపీ ఉంటుంది కాబట్టి ‘నేను చేయలేదు’ అన్న వాదన అంత సులువుగా నిలవదు. విదేశీ కార్డులు చాలావాటికి ఆ అడ్డు లేదు. కోత కూడా ఎక్కువ, తరచుగా 3 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మొదటి కొన్ని నెలలు వెబ్‌సైట్‌లో విదేశీ కార్డులు తెరవకు. అక్కడి మనవాళ్లతో ఫోనులో మాట్లాడి, చిరునామా సరిచూసుకుని, ఒక్కొక్కరికీ విడిగా పేమెంట్ లింకు పంపు. విదేశీ చెల్లింపులు నడిపేవాళ్ల కోసం రిజర్వు బ్యాంకు 2023లో వేరే నిబంధనలు తెచ్చింది. నీ గేట్‌వే వాళ్లకి అందుకు అనుమతి ఉందో లేదో కూడా అడుగు.

అసలు అనుమతి సంగతి అన్నిటికన్నా ముందు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కొనుగోలుదారు కట్టిన డబ్బు నీకు చేరేదాకా బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో ఉండాలి, గేట్‌వే వాళ్ల సొంత ఖర్చులకి వాడకూడదు. అనుమతి ఉన్నవాళ్ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో పేరు కనబడకపోతే అర శాతానికే ఇస్తామన్నా వద్దు.

డబ్బు ఎన్నాళ్లకి నీ ఖాతాలో పడుతుందో కాగితం మీద రాయించుకో. సాధారణంగా రెండు మూడు పనిదినాలు. కొత్త దుకాణాలకి కొన్నాళ్లు ఎక్కువ ఆపుతారు. మగ్గం మీదనుంచి చీర దిగగానే నేతవాళ్లకి కూలి ఇవ్వాలి కదా, వాళ్లని వారం ఆపడం నాకు ఇష్టం లేదు, నీకూ ఉండదని తెలుసు. వెంటనే జమ చేసే సదుపాయానికి విడిగా కోస్తారు, అది తీసుకోకు. రెండు వారాల కూలికి సరిపడా డబ్బు ఖాతాలో ఉంచుకుని మొదలుపెట్టు.

యూపీఐ బటన్ అన్నిటికన్నా పైన పెట్టించు. యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి నుంచి వ్యాపారి కమిషన్ లేదు. గేట్‌వే వాళ్లు ఇంకో పేరుతో ఏమైనా కోస్తారేమో కనుక్కో. రూపే క్రెడిట్ కార్డు యూపీఐలో వచ్చినా దాని లెక్క వేరు. వడ్డీ లేని వాయిదాలు ఇప్పుడే వద్దు, ఆ వడ్డీ చాలాసార్లు దుకాణం మీదే పడుతుంది. కార్డుతో కట్టేవాళ్ల దగ్గర 2 శాతం అదనంగా అడగకు, ధరలోనే సర్దుకో.

వెబ్‌సైట్ కట్టే అబ్బాయి కార్డు నంబరు అడిగే పేజీ తానే చేస్తానంటే ఒప్పుకోకు. గేట్‌వే వాళ్ల పేజీలోకే పంపించమను. 2022 అక్టోబరు నుంచి దుకాణాలు కార్డు నంబర్లు దాచుకోకూడదు. ఎవరైనా వాట్సాప్‌లో కార్డు ఫొటో పంపితే వెంటనే తీసేసి, అలా పంపవద్దని మంచిగా చెప్పు.

డబ్బు కట్ అయింది, ఆర్డరు రాలేదు అని ఫోన్లు వస్తాయి. అవతలివాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి చీర పంపకు, గేట్‌వే ఖాతాలో జమ కనబడాలి. అలా తప్పిపోయిన కార్డు చెల్లింపు అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలని 2019 నిబంధన ఉంది. ఆ మాట ధైర్యంగా చెప్పు, కంగారు తగ్గుతుంది.

ఆ ఇద్దరు గేట్‌వే వాళ్ల ఒప్పందాలూ నాకు పంపు. రీఫండ్ ఇస్తే మొదట కోసిన కమిషన్ తిరిగి ఇస్తారా, చార్జ్‌బ్యాక్‌కి విడిగా రుసుముందా అన్నవి మెయిల్‌లో అడిగి ఆ జవాబులు కూడా జతచెయ్యి. ఎవరితో కుదిరినా, సైట్ తెరిచే ముందు రోజు మీ అమ్మ కార్డుతో ఒక చిన్న కొనుగోలు చేసి, నువ్వే రీఫండ్ ఇచ్చి, డబ్బు ఎన్నాళ్లకి వచ్చిందో, స్టేట్‌మెంట్‌లో ఏ పేరు పడిందో రాసుకో.

ప్రేమతో,
పెద్దమ్మ