చేతిపనిముట్లు, యంత్రపు పనిముట్లు: వాని వాడుకలో జాగ్రత్త



మైపాడు, కృష్ణపట్నము మొదలగు తీరగ్రామములనుండి మన పాఠశాలకు వచ్చు బాలురు అనేకులు గలరు. వేసవి సెలవులు వచ్చినతోడనే వీరు పుస్తకములను మూటగట్టి, తండ్రులకును మేనమామలకును తోడుగా సముద్రపుటొడ్డున పడవలు బాగుచేయు పనికి దిగుదురు. తూర్పుతీరమున ఏప్రిల్ 15వ తేది మొదలు జూన్ 14వ తేదివరకు యంత్రపు పడవలు వేటకు పోగూడదను నిషేధమున్నది గనుక, ఆ అరువదియొక్క దినములే మరమ్మతులకు అదను. అవియే మీకు సెలవుదినములు.

గత సంవత్సరము బడి తెరచిన వారములో ఒక బాలుడు కుడికనుబొమకు కట్టుతో తరగతికి వచ్చెను. తిరుగుచున్న గ్రైండరు చక్రము పగిలి, దాని ముక్క బొమను చీల్చుకొనిపోయెనట. అర అంగుళము క్రిందికి దిగియుండినయెడల కన్ను పోయెడిది. ఎట్లు జరిగినదని నేనడుగగా, "తెలియదండి, దానంతటదే పగిలినది" అనెను. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. అది ఏల పగిలినదో లెక్కవేసి చూచితిని. ఆ లెక్కను మీకు చూపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందు చేతిపనిముట్లను గూర్చి కొంచెము చెప్పవలెను. ఈ తీరమున వెనుకటివారికి గొడ్డలి, బాడిస, ఉలి, రంపము, బరమా ఇవియే పనిముట్లు. మ్రాకులను చెక్కి త్రాళ్లతో బిగించి తెప్ప కట్టిరి. బకింగ్‌హాం కాలువలో సరకులు మోసిన కొయ్యపడవలను చేసిరి. చేతిపనిముట్లలో అపాయము లేదని తలంపవలదు. నా యెడమచేతి చూపుడువ్రేలిమీద అంగుళము పొడవుగల మచ్చ యున్నది. అది నేను ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో వడ్రంగము తరగతియందు తగిలిన గాయము. ఆనాడు నేను పట్టిన ఉలి మొద్దుబారినది. మొద్దు ఉలి కొయ్యలో దిగలేదు. దిగనందున బలము హెచ్చించితిని. బలము హెచ్చగా ఉలి జారెను. జారిన ఉలికి, కొయ్యను పట్టుకొనియున్న నా వ్రేలే ఎదురయ్యెను. మా వడ్రంగము మాస్టరుగారు గాయమునకు కట్టుగట్టిన పిమ్మట నన్ను కోపింపలేదు. ఆ యులిని సానరాతియొద్దకు తెప్పించి, కుడిచేతితో నాచేతనే నూరించిరి.

ఇందులో రెండు తప్పులున్నవి. పదును లేని పనిముట్టు వాడుట యొకటి. దాని దారికి ఎదురుగా చేయి నుంచుట రెండవది. కొయ్యను వైసులో బిగించినయెడల రెండు చేతులును ఉలి వెనుకనే యుండును. బాడిసతో చెక్కునపుడు చేతికంటె కాలికి భయము. పాదము దాని దారిలో ఉండరాదు. ఇనుము నరకు ఉలి తల సుత్తిదెబ్బలకు పుట్టగొడుగువలె విచ్చుకొనును. ఆ అంచులు విరిగి తూటాలవలె ఎగురును గనుక వానిని అరగదీయవలెను. మన యుప్పుగాలికి సుత్తి పిడి ఒకనాడు ఉబ్బును, ఒకనాడు ఎండును. వదులైన సుత్తిని నీళ్లలో నానబెట్టి వాడు అలవాటు మీ యిండ్లలో నేను చూచితిని. అది ఒక పూటకే నిలుచును. ఎండినపుడు తల ఊడి ఎదుటివాని ముఖమున పడును. పిడి కొనలో చీల కొట్టవలెను.

అయినను చేతిపనిముట్టునందు ఒక మేలున్నది. చేయి ఆగిన అదియు ఆగును. మీట నొక్కిన యంత్రమున కీ గుణము లేదు.

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీనాటి సునామీ తరువాత మన తీరమున ఫైబరు పడవలు మిక్కిలిగా వ్యాపించినవి. గాజునూలు గుడ్డను రెసిన్ అను జిగురుతో పొరలుపొరలుగా అంటించి వీనిని చేయుదురు. పగిలినచోటును బాడిసతో చెక్కుట కుదరదు. గ్రైండరుతో కోసి, అరగదీసి, క్రొత్తపొర వేయవలెను. ఆ విధముగా ఈ యంత్రము ప్రతి పల్లెకును వచ్చినది.

ఇప్పుడు లెక్క చూడుడు. నాలుగంగుళముల గ్రైండరు ఒట్టిగా తిరుగునపుడు నిమిషమునకు ఇంచుమించు 11,000 చుట్లు తిరుగును. చక్రపు వ్యాసము 100 మిల్లీమీటర్లు; చుట్టుకొలత 314 మిల్లీమీటర్లు. కనుక అంచు సెకనునకు సుమారు 57 మీటర్లు, అనగా గంటకు 200 కిలోమీటర్లకు పైగా పరుగెత్తును. కన్ను చూచి చేయి కదలుటకు సెకనులో అయిదవవంతైనను పట్టును. ఆ లోపల చక్రము 36 చుట్లు తిరిగిపోవును. "జారినపుడు చేయి వెనుకకు తీసికొందును" అనువాడు ఈ అంకెను జ్ఞాపకముంచుకొనవలెను.

మన బాలుని సంగతి యేమి? విచారింపగా తెలిసిన దేమనగా, నాలుగంగుళముల చక్రము లోతునకు అందుటలేదని ఆ యంత్రపు రక్షకకవచమును ఊడదీసి, ఏడంగుళముల చక్రమును బిగించిరి. దాని నడిమి కన్నము పెద్దది. అందుకొక ఉంగరమును చొప్పించిరి. ఆ చక్రపు వ్యాసము 180 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 565 మిల్లీమీటర్లు. నిమిషమునకు 11,000 చుట్ల చొప్పున దాని అంచు సెకనునకు 103 మీటర్లు దాటి పరుగెత్తును. అట్టి చక్రముమీదనే సెకనునకు 80 మీటర్లు, నిమిషమునకు 8,500 చుట్లు మించరాదని ముద్రించియుండును. చక్రమును చీల్చు బలము వేగపు వర్గమును బట్టి హెచ్చునని మీరు పదార్థవిజ్ఞానములో చదివితిరి. వేగము 1.3 రెట్లైనచో బలము ఇంచుమించు 1.7 రెట్లగును. కనుక అది దానంతటదే పగులలేదు. కవచమును ఊడదీసిననాడే పగులుటకు సిద్ధపడినది.

ఆ కవచము ముక్కలను ఆపుటకు మాత్రమేగాక, పెద్దచక్రము పట్టకుండుటకు కూడ ఉన్నదని చాలమంది యెరుగరు. చక్రపు నడిమి లోహపు ఉంగరముమీద గడువు నెల, సంవత్సరము ముద్రించియుండును. తేమ త్రాగిన చక్రము బలహీనమగును గనుక మన తీరమున దీనిని తప్పక చూడవలెను. క్రిందపడిన చక్రమును పారవేయుడు; ప్రాణముకంటె దాని వెల యెక్కువకాదు. క్రొత్తది బిగించినతోడనే మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి ఒక నిమిషము ఒట్టిగా నడుపవలెను. పనిచేయువాడు చక్రపు తిన్నని దారిలో నిలువరాదు. ప్రక్కలు మూసిన రక్షణ కంటద్దములు లేనిదే మీట నొక్కరాదు; చదువుకొను కంటద్దములు ఇందుకు చాలవు. మెడలో తువాలు వ్రేలాడరాదు. బరమా యంత్రమునొద్ద నూలు చేతితొడుగులు సైతము అపాయమే. ఒక్క పోగు చిక్కిన వ్రేలంతయు పోవును. రెసిన్ డబ్బాలును పెట్రోలు డబ్బాలును దగ్గరనుండగా ఇనుమును కోయరాదు. నిప్పురవ్వలు దూరముగా ఎగురును.

ఇక విద్యుత్తు. తడి యిసుకమీద వట్టికాళ్లతో నిలిచి, అతుకులు వేసిన తీగతో యంత్రము నడుపువారిని చూచినపుడెల్ల నాకు గుండె ఝల్లుమనును. "ఫ్యూజు ఉన్నది గదా" అందురు. అయిదు ఆంపియర్ల ఫ్యూజు అయిదు ఆంపియర్లు దాటినగాని కరగదు. మనుష్యుని గుండె ఆగుటకు ఆంపియరులో ఇరువదవవంతు సైతము చాలవచ్చును. ఫ్యూజు తీగను కాచును, మనుష్యుని కావదు. 30 మిల్లీ ఆంపియర్ల కారుటకే విద్యుత్తును త్రెంచు పరికర మొకటి దుకాణములలో దొరకును. దానిని మీ యింటి మీటలపెట్టెయందు పెట్టింపుడని తండ్రులతో చెప్పుడు. తీగ అతుకులు ఇసుకమీద పడియుండక కొయ్యగుంజలమీద వ్రేలాడవలెను.

పదునాలుగేండ్లు నిండనివారు సెలవులలో ఇంటివారికి సాయపడవచ్చునుగాని, అపాయకరమగు పనిలో చేరరాదని 2016వ సంవత్సరపు చట్టసవరణ నిర్ణయించినది. సముద్రపుటొడ్డునకు తనిఖీ అధికారి తరచుగా రాడు. మీలో చిన్నవారు వలలు అల్లుడు, రంగులు వేయుడు. గ్రైండరు పెద్దలకే యుండనిండు.

ఇంత జాగ్రత్తపడినను ప్రమాదము జరుగవచ్చును. కంటిలో దుమ్ము పడినచో నలుపక మంచినీళ్లతో కడుగవలెను. ముక్క గ్రుచ్చుకొనియున్నయెడల దానిని లాగరాదు; ఒత్తిడి తగులకుండ కప్పి వైద్యశాలకు పోవలెను. వ్రేలు తెగినచో గాయములో కాఫీపొడి గాని పసుపు గాని వేయక, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి పట్టుకొనవలెను. తెగిన భాగమును చేపల మంచులో పడవేసి తీసికొనిపోవుట మన యొడ్డున సహజముగా తోచు పని, అది కూడదు. మంచు నేరుగా తగిలిన కండ చెడిపోవును. దానిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో నుంచి మూతిగట్టి, ఆ సంచిని మంచు కలిపిన నీటిలో ఉంచవలెను. గాయము తగిలిన వేళను ఒక కాగితముమీద వ్రాసి వైద్యునికి ఈయవలెను.